పొగను మండించే పొయ్యి

ఎండు కట్టె బరువులో దాదాపు ఐదింట నాలుగు వంతులు వేడి తగలగానే వాయువులుగా విడిపోయే పదార్థమే కాగా, మిగిలిన బొగ్గు మాత్రమే నిప్పులై కణకణలాడుతుంది; కట్టె మీద లేచే మంట నిజానికి ఆ వాయువులు కాలడమే. కాలకుండా తప్పించుకున్నది పొగ. చలిదేశాల ఇళ్లను వెచ్చబరిచే ఆధునిక ఇనుప పొయ్యి ఈ పొగను లోపలే కాల్చివేస్తుంది.

అందుకు 600 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల వేడి, చాలినంత ఆక్సిజన్, అవి కలిసేందుకు కొంత వ్యవధి కావాలి. కనుక కట్టెల మొదట్లోకి వెళ్లే ప్రాథమిక గాలికి తోడు, లోపలే వేడెక్కి పైభాగంలోని సన్నని రంధ్రాల గుండా వచ్చే ద్వితీయ గాలిని కూడా ఏర్పాటు చేస్తారు; పొయ్యి బాగా కాగిన తరువాత ఆ రంధ్రాల వద్ద, కట్టెను అంటకుండానే, గ్యాస్ బర్నర్ మీద వలె వరుస మంటలు ఆడుతూ కనిపిస్తాయి. కొన్నింటిలో ఉత్ప్రేరకం, అంటే తాను ఖర్చు కాకుండా రసాయన చర్యను వేగపరిచే పదార్థం, పూసిన తేనెపట్టు వంటి దిమ్మె ఉండి, సుమారు 260 డిగ్రీల నుంచే పొగను కాల్చగలుగుతుంది.

పొయ్యి ఎంత మేలురకమైనా పచ్చి కట్టె ముందు ఓడిపోతుంది. అప్పుడే నరికిన కట్టె బరువులో సగం వరకు నీరే ఉండవచ్చు. ఆ నీటిని ఆవిరి చేయడానికి అయ్యే శక్తి, కట్టె ఇచ్చే మొత్తం వేడిలో ఏడో వంతుకు మించదు గాని, ఆ ఆవిరి మంటను చల్లార్చి పొగను అంటుకోనివ్వకపోవడమే అసలు నష్టం. వానాకాలంలో ఊదుగొట్టం పట్టి కళ్లు ఎర్రబడిన తెలుగు ఇల్లాలికి ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంగ్లండ్‌లో 2021 మే నుంచి రెండు ఘనపు మీటర్ల లోపు అమ్మే కట్టెలో తేమ 20 శాతం మించరాదని చట్టమే వచ్చింది. తేమను కొలిచేటప్పుడు దుంగను అప్పటికప్పుడు చీల్చి, లోపలి ముఖంలో మీటరు ముళ్లు గుచ్చాలి. పైబెరడు ఎండినంత మాత్రాన లోపల ఎండినట్టు కాదు.

నార్వేలో ప్రచారంలో ఉన్న పద్ధతి మన అలవాటుకు తలకిందులు: దుంగలు అడుగున, చిదుగులు పైన పేర్చి, పైనుంచి ముట్టిస్తారు. అడుగు కట్టెల నుంచి లేచిన వాయువులు మంట గుండానే పోవలసి వస్తుంది కనుక మొదటి నిమిషాల దట్టమైన పొగ చాలావరకు తగ్గుతుంది.

తెల్లవారేదాకా నిప్పు నిలవాలని రాత్రివేళ గాలి మూసేయడం పొదుపులా తోచినా, అది కట్టెను కాల్చక కుమిలేలా చేయడమే. కాలని ఆవిరులు చల్లని పొగగొట్టంలో తారుగా పేరుకుని, ఒకనాడు గొట్టంలోనే అంటుకోవచ్చు. తలుపు గాజు వెంట వేడిగాలి జారుతూ దాన్ని శుభ్రంగా ఉంచే ఏర్పాటు ఉన్నప్పటికీ, గాజు మూలలు నల్లబడుతున్నాయంటే అదే తారు గొట్టంలోనూ పడుతున్నట్టే.