మన ఊరి కంప్యూటర్‌తో ఎవరికేం పని? అపోహలు – వాస్తవాలు

అపోహ: శ్రీకాకుళంలో మూలనున్న నా కంప్యూటర్ జోలికి ఎవరొస్తారు?

2017 మే 12న వన్నాక్రై అనే ప్రోగ్రాం ప్రపంచం మీద పడింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నంతో పాటు శ్రీకాకుళం జిల్లాలోనూ పోలీసు కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. వాటిని ఎవరూ ఏరి కొట్టలేదు. తనంతట తానే ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి పాకే ప్రోగ్రాం అది. విండోస్‌లో ఫలానా లోపం ఉంటే చాలు, దూరేది. దూరాక ఫైళ్లన్నీ తెరుచుకోకుండా చేసి, తెర మీద ఎర్రటి పెట్టె చూపేది: 300 డాలర్ల బిట్‌కాయిన్ కట్టాలి, మూడు రోజులు దాటితే రెట్టింపు, వారం దాటితే ఫైళ్ల మీద ఆశ వదులుకోవాలి. ఆ పక్కనే మిగిలిన సమయం క్షణక్షణం తరిగిపోతూ కనిపించేది.

అపోహ: అది పాత విండోస్ ఎక్స్‌పీ వాడినవాళ్ల ఖర్మ.

కాదు. క్యాస్పర్‌స్కీ లెక్క ప్రకారం దెబ్బతిన్నవాటిలో 98 శాతం పైగా విండోస్ 7వే. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న ఇచ్చింది. వేసుకోనివాళ్లు దొరికిపోయారు. అప్‌డేట్ పెడితే పేజ్‌మేకర్ మొరాయిస్తుందని, అను ఫాంట్లు చెడతాయని ఆపేసే డీటీపీ వాళ్లు ఉన్నారు. ఆ భయం ఉత్తది కాదు. అలాంటి మెషీన్‌కి నెట్ తీసేసి, పేజీలు కట్టడానికే ఉంచుకోండి. మెయిలు, బ్యాంకు పని ఇంకోదాంట్లో చూసుకోండి. విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది, అంటే ఇలాంటి అప్‌డేట్లు ఇక మామూలుగా రావు.

అపోహ: ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో కాపీ ఉంది, ఇంకేం కావాలి?

ఆ డిస్క్ ఎక్కడుందన్నదే అసలు సంగతి. ఎప్పుడూ కంప్యూటర్‌కి తగిలించే ఉంటే, లోపలి ఫైళ్లకు పట్టిన గతే దానికీ పడుతుంది. తీసి పక్క అరలో పెట్టినా మన తీరంలో చాలదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి రాత్రి పైరేకు లేచిపోతే బల్ల మీది కంప్యూటరూ, అరలోని డిస్కూ కలిసే తడుస్తాయి. పెళ్లిళ్లు తీసే స్టూడియో వాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కెమెరా కార్డు తుడిచేసి ఇంకో పెళ్లికి వాడేశాక, ఆ తాళి కట్టే ఘట్టం ఉన్నది ఆ డిస్క్‌లోనే.

మొత్తం మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే చోట ఉండాలంటారు నిపుణులు. వేరే చోటంటే వీధి అవతలి షాపు కాదు. పలాస వాళ్లకు విజయనగరం కూడా దగ్గరే అంటాను. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుఫాను ఉత్తరాంధ్ర తీరమంతటినీ ఒక్కసారే కుదిపేసింది. మనవాళ్లు బతుకుతెరువుకి వెళ్లని ఊరు లేదు గనక హైదరాబాద్‌లోని కొడుకు దగ్గరో, అన్నయ్య దగ్గరో ఒక డిస్క్ ఉంచండి. సంక్రాంతికి వాళ్లు వచ్చినప్పుడు పాతది తెస్తారు, కొత్తది పట్టుకెళ్తారు.

అపోహ: గూగుల్ డ్రైవ్‌లో ఉన్నది ఎప్పటికీ పోదు.

సింక్ పెట్టుకుంటే ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోతుంది. ట్రాష్‌లో 30 రోజులుంటుంది, ఆ తర్వాత లేదు. ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కీ ఫొటోలకీ కూడా కలిపే; నిండితే కొత్తవి ఎక్కవు.

అపోహ: డబ్బు కట్టేస్తే ఫైళ్లు వచ్చేస్తాయి.

వస్తాయన్న హామీ ఏమీ లేదు. ముందు నెట్ కేబుల్ పీకి, వైఫై ఆపి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అపోహ: కాపీ అయిపోయిందని తెర మీద వచ్చింది, బ్యాకప్ ఉన్నట్టే.

ఆ డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి తగిలించి చూడండి. పెళ్లి వీడియోని మధ్యలోంచి ఆడించండి, పట్టాదారు పాసుపుస్తకం స్కాన్ తెరిచి సర్వే నంబరు చదవండి. అను ఫాంట్లలో కొట్టిన ఫైలైతే ఆ ఫాంట్లు లేని మెషీన్‌లో తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అందుకని ఫాంట్లు కూడా అదే డిస్క్‌లో పెట్టి, ప్రతి ఫైలుకీ ఒక పీడీఎఫ్ తీసి జతచేయండి.