రాయితీ ఎవరి గడప త్రొక్కును?

పుంగనూరునుండి పలమనేరు పోవు బాటమీద పెద్దపంజాణి ఉన్నది. చుట్టును ఎర్రనేలలు, రాతిగుట్టలు, వానను నమ్ముకొన్న వేరుసెనగ చేలు, బోరుబావుల నీటితో పెరుగు టమాట తోటలు, అక్కడక్కడ మల్బరీ మళ్లు. తెల్లవారకమునుపే పాలక్యానులు కదలును. కాలము కలిసివచ్చిన ఏడు నాలుగు రూకలు మిగులును. రానియేడు ఆవుపాలే ఇల్లు గడుపును. ఇట్టి సీమలో పన్నులు, పన్ను రాయితీలు, బీమా రుసుములు అను మాటలు వినబడినప్పుడు అవి ఢిల్లీ పెద్దల లెక్కలనియు, తమ బ్రతుకుతో వానికి పొత్తు లేదనియు జనులు తలచుట సహజము. కాని ఆ లెక్కలకు పెద్దపంజాణితో పొత్తు ఉన్నది. ఎవరికి ఎంత తగ్గించిరన్నదే కాదు, ఆ తగ్గింపు ఎవరి గడపవరకు వచ్చి ఎవరి గడపముందు ఆగిపోయినదన్నది చూడదగిన విషయము.

రెండు ఇండ్ల లెక్క

ఒక చిన్న లెక్కతో సంగతి తేటపడును. మదనపల్లెలో ఆదాయపు పన్ను కట్టు ఉద్యోగి ఒకడు, పెద్దపంజాణిలో నాలుగావులను మేపుకొని పాలమ్ముకొను గృహిణి ఒకతె ఉన్నారనుకొందము. ఇద్దరును తమ కుటుంబములకు ఆరోగ్యబీమా చేసిరి. ఏడాదికి ప్రీమియము 20,000 రూపాయలు. 2025 సెప్టెంబరు వరకు దానిపై నూటికి 18 వంతున వస్తుసేవల పన్ను పడెడిది. అనగా మరి 3,600 రూపాయలు. ఇద్దరును 23,600 రూపాయలు కట్టవలసినదే.

ఉద్యోగి నూటికి 30 వంతుల అంతరువులో ఉండి, ఆదాయపు పన్నులో పాత పద్ధతిని కోరుకొన్నవాడైనచో, ఆ సొమ్మునంతను తన ఆదాయమునుండి మినహాయించుకొనవచ్చును. ఆరోగ్యబీమాకు 25,000 రూపాయల వరకును, వృద్ధులకైతే 50,000 రూపాయల వరకును ఆ సౌకర్యము కలదు. దానివలన అతనికి 7,080 రూపాయల పన్ను తగ్గును. పాలమ్ముకొను ఇల్లాలికో? ఆమె ఆదాయము పన్ను కట్టవలసినంత లేదు. లేని పన్నులో తగ్గింపు ఏమియుండును? కావున సంపన్నుడైన ఉద్యోగికి బీమా చౌక. పేదయైన ఇల్లాలికి అదే బీమా ప్రియము. చట్టము చేసినవారికి ఈ ఉద్దేశము లేకపోవచ్చును. ఫలితము మాత్రము ఇదియే.

ఈ మినహాయింపు నేటిది కాదు. 1860లో జేమ్స్ విల్సను ఈ దేశమున ఆదాయపు పన్నును ప్రవేశపెట్టెను. 1886 నాటి చట్టము జీవిత బీమాకై చెల్లించు సొమ్మును ఒక మితికి లోబడి పన్నునుండి తప్పించినది. వ్యవసాయాదాయమును సైతము ఆ చట్టమే పన్నునుండి తొలగించినది. నాటినుండియు బీమాకు ప్రోత్సాహమన్నచో ఆదాయపు పన్నులో మినహాయింపు అనియే అర్థము. సేద్యగాండ్రు ఆ పన్ను పరిధిలో లేరు. కావున ఆ ప్రోత్సాహపు పరిధిలోను లేరు.

బీమాను పల్లెలకు చేర్చవలెనను తలంపు లేకపోలేదు. 1925లో పట్టాభి సీతారామయ్య ప్రభృతులు మచిలీపట్టణమున ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిరి. 1956 సెప్టెంబరు 1వ తేదీన 245 సంస్థల వ్యాపారమును కలిపి జీవిత బీమా సంస్థను ఏర్పరచినప్పుడు, గ్రామములకు బీమాను వ్యాపింపజేయుట ముఖ్యోద్దేశములలో ఒకటిగా చెప్పబడినది. ఏజెంట్లు పల్లెలకు పోయిరి. పన్ను రాయితీ మాత్రము పట్టణముననే నిలిచినది.

పన్ను పెరిగిన త్రోవ, తొలగిన దినము

బీమాపై పరోక్షపు పన్ను చరిత్ర చిన్నది. 1994 జూలైలో దేశమున సేవాపన్ను మొదలైనప్పుడు మూడే సేవలపై నూటికి 5 వంతున విధించిరి. టెలిఫోను, వాటాల దళారీ, సాధారణ బీమా అనునవే ఆ మూడు. క్రమముగా అది పెరిగి 2016 నాటికి ఉపకరములతో కలిసి 15 వంతులైనది. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చి ఆరోగ్యబీమాపైనను, కేవలము ప్రాణరక్షణకై తీసుకొను జీవిత బీమాపైనను 18 వంతులైనది. పొదుపుతో కూడిన పాలసీలపై తొలియేడు 4.5 వంతులు, ఆపై 2.25 వంతులు. ఆపదకు మాత్రమే గొడుగు పట్టు బీమాపై ఎక్కువ పన్ను, పొదుపునకు ఉపకరించు బీమాపై తక్కువ పన్ను అను విపరీతము ఇట్లు ఏర్పడినది.

2025 సెప్టెంబరు 3వ తేదీన వస్తుసేవల పన్ను మండలి కూడి, వ్యక్తులు తీసుకొను జీవిత, ఆరోగ్య బీమాలపై ఈ పన్నును పూర్తిగా ఎత్తివేయ నిశ్చయించినది. సెప్టెంబరు 22 నుండి అది అమలునకు వచ్చినది. మునుపటి లెక్కలోని 3,600 రూపాయలు ఇద్దరికిని సమానముగా తగ్గినవి. ఆదాయపు పన్నుతో నిమిత్తము లేక, ఏ కాగితమును దాఖలు చేయక, పాలమ్ముకొను ఇల్లాలి గడపదాక వచ్చిన రాయితీ ఇది.

ఇందులో ఒక మెలిక మాత్రము కలదు. బీమా కంపెనీలు తాము కొను సేవలపై కట్టిన పన్నును, ప్రజలనుండి వసూలు చేసిన పన్నులో తగ్గించుకొనుచుండెడివి. వసూలే లేనప్పుడు ఆ తగ్గింపునకు తావులేదు. ఆ భారమును కంపెనీలు తామే భరించునా, ప్రీమియము పెంచి ప్రజలపై మోపునా అన్నదానిపై రాయితీలో ఎంత మిగులునన్నది ఆధారపడును.

ఆదాయపు పన్నులోను త్రోవ మారినది. 2020లో వచ్చిన కొత్త పద్ధతిలో బీమా మినహాయింపులు లేవు; బదులుగా రేట్లు తక్కువ. 2025 బడ్జెటులో ఆ పద్ధతిని అనుసరించువారికి, మామూలు ఆదాయము 12 లక్షల వరకు పన్ను లేకుండ చేసిరి. బీమా చేసినందులకు పన్ను తగ్గించుట క్రమముగా వెనుకకు పోవుచు, బీమాపై పన్ను తీసివేయుట ముందుకు వచ్చుచున్నది. పల్లెవారి దృష్టితో చూచినచో ఇది మేలైన మార్పు.

శిస్తులో దాగిన బీమా

ఇంతవరకు మనుష్యుని ప్రాణమునకు, దేహమునకు సంబంధించిన బీమా సంగతి. పెద్దపంజాణి రైతునకు అంతకంటె ముందు చేను ఉన్నది. చేను సంగతికి వచ్చినచో పన్నునకు, బీమాకు గల బంధుత్వము మరింత పాతది.

మద్రాసు రాజధానిలో రైత్వారీ శిస్తు నిర్ణయించునప్పుడు నేలసారమునుబట్టి పంటను అంచనా కట్టి, అందులో ఋతువుల ఒడుదుడుకులకు కొంత తరుగు తీసివేసి, సేద్యపు ఖర్చులు తగ్గించి, మిగిలిన నికరములో సగమునకు మించకుండ శిస్తు వేయుట పద్ధతి. అనగా చెడు కాలమునకు కావలసిన బీమా ఆ శిస్తులోనే దాగియున్నదని దొరతనమువారి వాదము. మంచియేటి లాభముతో చెడ్డయేటి నష్టమును రైతే పూడ్చుకొనవలెను. అందువలన మెట్టభూములకు శిస్తు వజా చేయుట అరుదు. కరవు మితిమీరినప్పుడు రైతులు జమాబందీకి వచ్చిన అధికారి ముందు అర్జీలు పట్టుకొని నిలిచెడివారు.

పుంగనూరు జమీందారీ గ్రామములలో పరిస్థితి వేరు. జమీందారు దొరతనమునకు కట్టు పేష్కషు స్థిరము. వాన కురిసినను, కురియకున్నను అది మారదు. రైతు తనకు చెల్లించు శిస్తులో తగ్గింపు చేయుట చాలవరకు జమీందారు మనస్సును బట్టి ఉండెడిది. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో ఆ యేలుబడి పోయి, జమీందారీ గ్రామములు రైత్వారీ క్రిందికి వచ్చినవి. ఐనను వజా అనునది అడిగి పొందవలసిన దయగానే మిగిలినది. ఇంత పోయినచో ఇంత రావలెనని నిలదీసి అడుగు హక్కు కాలేదు.

సరిహద్దున మొలిచిన ఆలోచన

ఆ హక్కును గూర్చిన ఆలోచన దాపుననే మొలిచినది. పెద్దపంజాణికి పడమట కొలది క్రోసుల దూరమున నాటి మైసూరు సంస్థానపు ఎల్ల ఉండెడిది. ఆ సంస్థానమున అధికారిగా నుండిన జే. ఎస్. చక్రవర్తి 1920లో సేద్యపు బీమాపై ఒక గ్రంథము ప్రకటించెను. ఒక్కొక్క రైతు చేనిని కొలుచుట అసాధ్యము గనుక, ఒక ప్రాంతమున కురిసిన వానను కొలిచి, అది నిర్ణీతమైన మట్టమునకు తగ్గినచో ఆ ప్రాంతపు రైతులందరికి పరిహారమీయవలెనని అతని సూచన. అర్జీలు లేవు, అధికారి దయ లేదు, వానకొలతయే సాక్షి.

ఆ సూచన అప్పుడు అమలు కాలేదు. 1970 దశకమున వి. ఎం. దండేకరు ప్రాంతమును ప్రమాణముగా గొను పద్ధతిని మరల వాదించెను. 1985లో దేశవ్యాప్తముగా పంటల బీమా మొదలైనది. 2003లో మహబూబునగరు జిల్లాలో వేరుసెనగ, ఆముదపు రైతులకు వానకొలతపై బీమాను ప్రయోగించి చూచిరి. చక్రవర్తి తలంపు ఎనుబదియేండ్లు దాటిన తరువాత తెలుగు మెట్టచేలలోనే మరల ఊపిరి పోసికొన్నది.

చేనివద్ద ఏమి జరుగుచున్నది?

2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో రైతువాటా ఖరీఫు ఆహారధాన్యములకు, నూనెగింజలకు బీమా మొత్తములో నూటికి 2, రబీకి 1.5, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 వంతులకు మించరాదు. ఎకరమునకు 30,000 రూపాయల బీమా అనుకొన్నచో ఖరీఫు వేరుసెనగకు రైతు కట్టునది 600 రూపాయలే. మిగిలిన ప్రీమియమును కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములు పంచుకొనవలెను. దీనిపై వస్తుసేవల పన్ను మొదటినుండియు లేదు. ఇచ్చట పన్ను రాయితీకంటె పెద్దది జరుగుచున్నది. ప్రజలు కట్టిన పన్నులే రైతు ప్రీమియముగా మారుచున్నవి.

ఆంధ్రప్రదేశములో ఈ పథకము పలు మలుపులు తిరిగినది. 2019 తరువాత కొన్నేండ్లు రైతువాటాను గూడ రాష్ట్రమే భరించెను. 2020లో కేంద్ర పథకమునుండి వెలుపలికి వచ్చి, 2022లో మరల చేరెను. 2024-25 రబీనుండి రైతు తన వాటా తానే కట్టు పద్ధతి తిరిగి వచ్చినది. ఉచితముగా ఇచ్చినప్పుడు ఎవరును మిగిలిపోరు. కాని చేత రసీదు లేని రైతునకు అది మరల వజావంటి దయగా తోచును. డబ్బు కట్టించినప్పుడు చేత రసీదు ఉండును, అడుగు ధైర్యము ఉండును. కాని విత్తనములకే అప్పుచేసినవాడు ఆ ఆరువందలు కట్టక మానుకొనును. ఈ రెండింటిలో ఏది మేలన్న తగవు ఇంకను తెగలేదు.

డబ్బు ఎవరు కట్టినను కొలత చిక్కు తప్పదు. దిగుబడిపై ఆధారపడు బీమాలో గ్రామము గాని, మండలము గాని ప్రమాణము. హామీ దిగుబడి పది బస్తాలని నిర్ణయించినచోట సగటున ఎనిమిదే పండినచో, లోటు అయిదవవంతు గనుక బీమా మొత్తములో అయిదవవంతు అందరికి వచ్చును. ఊరి సగటు పది దాటినచో, ఒక మూల చేను మొత్తము ఎండిపోయిన రైతునకు మామూలుగా ఒక పైసయు రాదు. వాతావరణ బీమాలో వానకొలత ఉన్నచోట కురిసి, చేనిలో కురియకున్నను అంతే. వడగండ్లు పడినప్పుడు మాత్రము ఒక్కొక్క చేని నష్టమును చూతురు; అందులకు రైతు 72 గంటలలో తెలియజేయవలెను. కౌలుదారునకు కౌలుపత్రము కావలెను. పత్రమునకు భూస్వామి సమ్మతి కావలెను. సాగుచేయునది ఒకడు, పేరు మరియొకనిది.

ఈ సీమకు మరి రెండు ఆపదలు కలవు. ఒకటి ధర. 2023 జూలై చివర మదనపల్లె మార్కెటులో టమాట కిలో రెండువందల రూపాయలకు చేరువైనది. కొలది వారములకే కుప్పకూలినది. పంట నిండుగా పండి ధర పడిపోయినప్పుడు ఏ పంటబీమాయు ఆదుకొనదు. రెండవది ఏనుగులు. కౌండిన్య అభయారణ్యమునుండి అవి దిగివచ్చి పలమనేరు, కుప్పం ప్రాంతములలో రాత్రికిరాత్రే చేలను త్రొక్కివేయుచున్నవి. అడవిజంతువుల వలన కలుగు నష్టమును గూడ 2026 ఖరీఫునుండి పంటబీమాలో చేర్చుకొనవచ్చునని కేంద్రము 2025 నవంబరులో ప్రకటించినది. అది ఏయే జిల్లాలకు, ఏయే పంటలకు వర్తింపవలెనన్నది రాష్ట్రములు నిర్ణయింపవలసినది.

రసీదునకు విలువ

దీనినంతను కలిపి చూచినచో, రాయితీ అనగా రేటు తగ్గింపు మాత్రమే కాదని తేలుచున్నది. ఆరోగ్యబీమాపై పన్ను ఎత్తివేయుటతో పాలమ్ముకొను ఇల్లాలికి ఒక మేలు జరిగినది. దానికి కొలత అక్కరలేదు. చేని బీమా అట్టిది కాదు. అందు రైతువాటా ఇప్పటికే స్వల్పము. అతనికి ప్రియమైనది ప్రీమియము కాదు. నష్టమును సరిగా కొలువకపోవుట, కొలిచినను ప్రభుత్వముల వాటా ఆలస్యమై పరిహారము మరుసటి విత్తుదినముల నాటికి చేతికి రాకపోవుట. ఊరూర వానకొలతలు, నమ్మదగిన పంటకోత ప్రయోగములు, గడువులోగా వాటా చెల్లింపు అనువాటికి పెట్టు ఖర్చు కూడ రాయితీయే. దానిపై ఎవరును ప్రకటనలు చేయరు గాని, పెద్దపంజాణి మెట్టరైతునకు ఎక్కువ అక్కరకు వచ్చునది అదియే.

ఒకప్పుడు ఇచ్చటి రైతు చేతులు కట్టుకొని శిస్తు తగ్గింపుమని వేడుకొనెను. నేడు అతని చేతికి ఆరువందల రూపాయల రసీదు వచ్చినది. వాన తప్పిన ఏడు, ఆ రసీదును చూపి ఎవరినిని బ్రతిమాలక తన సొమ్మును తాను తీసికొనిపోగలిగినచో, ఆ రాయితీ అతని గడప త్రొక్కినట్లే.