ఇల్లాలి సాక్ష్యము

సైన్యమున గాయపడినవాడన్నచో కాలో చేయో పోయినవాడే మన కన్నులయెదుట మెదలును. బరువులు మోసి మోసి వెన్నును, తుంటిని చెడగొట్టుకొని యిల్లు చేరినవాని బాధ పైకి గానరాదు. దానిని రేయింబవళ్లు చూచునది ఆతని యిల్లాలు. ఆమె చూచినదానికి ప్రభుత్వమువారియెదుట విలువ గలదా? గలదనియే అమెరికా దేశపు చట్టము చెప్పుచున్నది.

ఆ దేశమున మాజీ సైనికుల వ్యవహారముల శాఖవారు సైన్యసేవవలన గలిగిన వైకల్యమును నూటికి ఇన్ని వంతులని నిర్ణయించి, తదనుసారముగా నెలనెలా భృతి నొసగుదురు. వెన్నునకును తుంటికిని ముఖ్యమైన కొలత వంగుటయే. ఆరోగ్యవంతుడు నడుమును 90 డిగ్రీలు ముందునకు వంచగలడు. 30 దాటి 60 లోపల వంచగలవానికి 20 వంతులు. 30కి మించి వంచలేనివానికి 40 వంతులు. తొడను 30 డిగ్రీలకు మించి పైకి మడువలేనివానికి 20 వంతులు. 40, 20 కలిసిన 60 యగునని తలపరాదు. 40 పోగా మిగిలిన 60లో అయిదవ వంతగు 12ను మాత్రమే చేర్చి, వచ్చిన 52ను సమీపపు పదికి సవరించి 50 అందురు.

అసలు చిక్కు వేరొకటి కలదు. పరీక్ష జరుగునది ఒక్కనాడు, కొంతసేపు మాత్రమే. ఆనాడు నొప్పి నెమ్మదించి యుండవచ్చును. వేకువను మంచముపైనుండి లేవలేక భార్య భుజము పట్టుకొనుట వైద్యుడెట్లు చూడగలడు? అందుచేతనే 1995లో డెలూకా వ్యాజ్యమున అచటి న్యాయస్థానము, నొప్పివలన పనికి గలుగు భంగమునుగూడ గణింపవలెనని తీర్పు చెప్పెను. 2017లో షార్ప్ వ్యాజ్యమున, నొప్పి విజృంభించు దినముల సంగతి వైద్యుడు అడిగి తెలిసికొని అంచనా వేయవలెనని చెప్పెను.

నిర్ణయము తక్కువయని తోచినచో మూడు మార్గములు గలవు. 2017 నాటి చట్టము వీనిని ఏర్పరచగా, 2019 ఫిబ్రవరి 19 నుండి అమలులోనికి వచ్చినవి. క్రొత్త సాక్ష్యముతో మరల అడుగుట మొదటిది. పాత కాగితములనే పై అధికారిచే చూపించుట రెండవది. ఇందు క్రొత్త సాక్ష్యమును స్వీకరింపరు. అప్పీళ్ల మండలికి పోవుట మూడవది. నిర్ణయపత్రము వెలువడిన యేడాదిలోపల కదలినచో మొదట అడిగిన తేదీనుండి రావలసిన బాకీ చెడదు. కావున ఇల్లాలి లేఖను క్రొత్తగా జతపరుపదలచినవారు రెండవ మార్గము పట్టరాదు.

ఆ లేఖయందేమి వ్రాయవలెను? "మిక్కిలి బాధపడుచున్నారు" అన్న మాటవలన ప్రయోజనము స్వల్పము. "వారమునకు మూడుమార్లు జోళ్లు నేనే తొడుగుచున్నాను, మెట్లెక్కలేక క్రింది గదిలో పరుండుచున్నారు, ఈ నెలలో అయిదు దినములు పనికి పోలేదు" అని కన్నది కన్నట్లు, దినము, లెక్కలతో వ్రాయవలెను. రోగము పేరు చెప్పుట వైద్యుని పని. చూచినది చెప్పుట ఆమె పని. అనుకూల ప్రతికూల సాక్ష్యములు సరితూగినచో సందేహఫలము సైనికునికే చెందవలెనని చట్టము. అట్టి త్రాసున ఇల్లాలి పుట యొక్కటియే మొగ్గు తేవచ్చును.

సోదరీమణులారా, ఇంటిలోని రోగి స్థితిని నాటికి నాడు వ్రాసియుంచు నలవాటు ఏ దేశపు గృహిణికైనను మేలే. బాధపడువాడు సిగ్గుచేతనో అభిమానముచేతనో దాచినదానిని ఆ పుటలు దాచవు.