క్రైస్తవ కుటుంబాలలో పురుషాధిక్యత
క్రైస్తవ కుటుంబాలలో పురుషాధిక్య భావనకు తరచుగా చూపబడే ఆధారం, బైబిలు కొత్త నిబంధనలోని ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయము. ఇందులో భర్త భార్యకు శిరస్సుగా పేర్కొనబడ్డాడు. దీనిని అధికారంగా గ్రహించిన కుటుంబాలలో సంపాదన, పిల్లల చదువు, పెళ్ళిళ్ళ విషయాలలో భర్త మాటే చెల్లుతుంది. ఎదురు చెప్పడం అవిధేయతగా భావించబడుతుంది. అయితే అదే అధ్యాయం ఒకరికొకరు లోబడి ఉండాలనీ, భర్త భార్యను తన శరీరమువలె ప్రేమించాలనీ బోధిస్తుంది.

నాయుడుపేట ప్రాంతం

2022లో తిరుపతి జిల్లాలో చేరిన నాయుడుపేట అంతకుముందు నెల్లూరు జిల్లాలో ఉండేది. ఈ ప్రాంతంలో 19వ శతాబ్దంలో జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషను పనిచేసింది. మద్యపానాన్ని మగతనంగా చూసే అలవాటు ఏ ఒక్క మతానికీ పరిమితం కాదు. నెల్లూరు జిల్లాలోని దూబగుంట స్త్రీలు 1990 దశకం ఆరంభంలో సారాపై పోరాడటానికి కుటుంబాల దుస్థితే కారణం.

చట్టం

1869 నాటి భారత విడాకుల చట్టం క్రైస్తవులకు వర్తిస్తుంది. దీని ప్రకారం భార్య వ్యభిచారాన్ని ఋజువు చేస్తే భర్తకు విడాకులు లభించేవి. భార్య మాత్రం సాధారణంగా భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వాన్నో, పరిత్యాగాన్నో కూడా ఋజువు చేయవలసి ఉండేది. 2001 సవరణ ఈ భేదాన్ని తొలగించి, పరస్పర అంగీకార విడాకులకు అవకాశం కల్పించింది. 2005 నాటి గృహహింస చట్టం అన్ని మతాల స్త్రీలకూ రక్షణ కల్పిస్తుంది.