హైడ్రోజన్ పైపుకు ఏ స్టీలైనా సరిపోదు

బందరు, గుడివాడ, దివిసీమ ఇళ్ల నుంచి గల్ఫ్‌కి వెల్డింగ్, ఫిట్టర్ పనులకు వెళ్లే మన కుర్రాళ్లు ఇది తెలుసుకోవాలి. హైడ్రోజన్ పనులు ఇప్పుడు సౌదీ నియోమ్‌లోనే కాదు, మన రాష్ట్రంలోనూ వస్తున్నాయి. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది.

ముందు వంటింట్లోకి రండి. 304 రకం స్టీలు గిన్నె అడుగున అయస్కాంతం పెడితే జారిపోతుంది. బాగా వంచిన అంచు దగ్గర మాత్రం కాస్త పట్టుకోవచ్చు. నకిలీ స్టీలేమో అని భయపడకండి! వంచినప్పుడు అక్కడ లోహం లోపలి అమరిక మారి మార్టెన్‌సైట్ అనే గట్టి రూపం వచ్చింది, అంతే. చలిలో ఈ మార్పు ఇంకా తేలిగ్గా జరుగుతుంది.

గిన్నెకు దీనివల్ల ఏమీ కాదు. హైడ్రోజన్ పైపులోనే చిక్కంతా. హైడ్రోజన్ అణువు చాలా చిన్నది, లోహంలోకి దూరిపోతుంది. మార్టెన్‌సైట్‌లో అయితే మరీ వేగంగా పాకుతుంది. అప్పుడు సాగాల్సిన స్టీలు సాగకుండా పగులుతుంది. విచిత్రం ఏంటంటే, మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్ దగ్గర ఈ బెడద తక్కువ, అక్కడ అణువులు దాదాపు కదలవు. దెబ్బ ఎక్కువగా తగిలేది మైనస్ 50, మైనస్ 100 మధ్య. కార్లకు హైడ్రోజన్ నింపే స్టేషన్లలో గ్యాసును మైనస్ 40 దాకా చల్లబరిచి 700 బార్ ఒత్తిడితో పంపుతారు. ప్రమాదానికి దగ్గరే కదా.

నికెల్ పెరిగితే ఈ మార్పు తగ్గుతుంది. 304లో నికెల్ 8 శాతం పైచిలుకే. అందుకే 12 శాతం దాటిన 316ఎల్ వాడతారు. రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి. కాబట్టి పైపు చేతికొచ్చినప్పుడు మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ అడిగి, నికెల్ గడిలో అంకె చూశాకే వెల్డింగ్ మొదలుపెట్టమని మీ పిల్లలకు చెప్పండి.