టర్బోచార్జరు అంకెలు: కొలతలు, పేర్లు

విజయనగరము నుండి నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి వైపు పోవు బరువు లారీలను మన ప్రాంతమువారు నిత్యము చూచుచునే యుందురు. నిండు బరువుతో బండి ఎత్తు నెక్కునప్పుడు ఇంజను మ్రోతలో సన్నని ఈల యొకటి వినిపించును. అది టర్బోచార్జరు చేయు ధ్వని. అది చెడినచో క్రొత్తది కొనవలెను. పేటికపై అంకెలు చాల యుండును. వాని యర్థము తెలియక తెచ్చినచో సొమ్ము పోవుటయే కాదు, ఇంజనుకును ముప్పు వాటిల్లవచ్చును. కావున ఆ యంకెలను చదువు విధమును శ్రోతలకు వివరింపదలచితిమి.

కమ్మరి కొలిమికి తిత్తి యెట్టిదో, ఇంజనుకు టర్బోచార్జరు అట్టిది. ఇంజను విడిచిన వేడిపొగ ఒక చక్రమును త్రిప్పును. దానికి టర్బైను అని పేరు. అదే యిరుసు రెండవ కొననున్న చక్రము బయటిగాలిని అదిమి ఇంజనులోనికి పంపును, అది కంప్రెసరు. గాలి హెచ్చినకొలది ఎక్కువ ఇంధనమును చక్కగా మండింపవచ్చును. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి ఈ యూహకు 1905లో పేటెంటు పొందెను. నేటి చిన్న టర్బోలు నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగును.

ప్రతి చక్రమునకును రెండు వ్యాసములు కలవు. గాలి గాని, పొగ గాని ప్రవేశించు అంచును ఇండ్యూసరనియు, వెలువడు అంచును ఎక్స్‌డ్యూసరనియు అందురు. కంప్రెసరులో గాలి చిన్న అంచున చొచ్చి పెద్ద అంచున వెడలును. టర్బైనులో ఇందుకు వ్యతిరేకము: పొగ పెద్ద అంచున చొచ్చి చిన్న అంచున వెడలును. పేర్లు తారుమారగుటకు ఇదియే కారణము.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. గారెట్ వారి జీటీ 3582 ఆర్ అను పేరులో 35 అనునది తరగతిని, 82 అనునది కంప్రెసరు పెద్ద అంచును మిల్లీమీటర్లలో తెలుపును. దాని చిన్న అంచు 61.4 మిల్లీమీటర్లు మాత్రమే. బోర్గ్‌వార్నర్ వారి ఎస్ 366లో 66 అనునది చిన్న అంచు కొలత. అంకెలను మాత్రమే చూచువారు 82 పెద్దదని భ్రమపడుదురు. గాలి చొచ్చు ద్వారము మాత్రము 66 గలదానికే పెద్దది.

ఈ రెండంచుల సంబంధమును ట్రిమ్ అను అంకె తెలుపును. చిన్న వ్యాసపు వర్గమును పెద్ద వ్యాసపు వర్గముచే భాగించి నూటితో హెచ్చింపవలెను. 61.4, 82 లకు ఈ లెక్క చేసినచో 56 వచ్చును. పెద్ద అంచు ఒకటే యైనప్పుడు, ట్రిమ్ హెచ్చినకొలది చక్రము ఎక్కువ గాలిని తీసికొనగలదు.

మిగిలినది ఏ బై ఆర్. చక్రము చుట్టునున్న గుల్ల నత్తగుల్లవలె క్రమముగా సన్నబడును. ఏదేని యొకచోట దారి వైశాల్యమును, చక్రకేంద్రము నుండి ఆ దారి నడుమకు గల దూరముచే భాగించిన వచ్చునదే ఈ నిష్పత్తి. 0.63, 0.82 వంటి అంకెలు ఇవే. కొందరు తయారీదారులు ఇందుకు బదులు 12, 16, 18 చదరపు సెంటీమీటర్లని వైశాల్యమునే ముద్రింతురు. నీటిగొట్టము మూతిని బొటనవ్రేలితో నొక్కినచో నీరు వేగముగా చిమ్మును గదా! అట్లే టర్బైను గుల్ల దారి సన్ననైనచో చక్రము త్వరగా వేగమందుకొనును. కాని ఇంజను పూర్తివేగమున పోవునప్పుడు పొగకు దారి చాలక వేడిమి పెరుగును. దారి మరీ పెద్దదైనచో ఎత్తు నెక్కునప్పుడు సమయమునకు గాలి యందక నల్లపొగ వెడలును.

కావున చెడిన టర్బోకు బదులు కొనువారు దానిపై చెక్కిన పార్టు నంబరును వ్రాసికొని, అదే నంబరుగల దానిని కోరవలెను. వేరొకటి ఇచ్చినచో మూడు ప్రశ్నలు వేయవలెను. ఈ అంకె ఏ చక్రమునకు సంబంధించినది? ఏ అంచు కొలత? గుల్ల కొలత నిష్పత్తియా, వైశాల్యమా? వీనికి సరియైన సమాధానము దొరకువరకు సొమ్ము చెల్లింపకుండుట మేలని మా మనవి.