బక్క బిడ్డ.. లోపల కొవ్వు!
తల్లి తిండే బిడ్డ ఒంటికి పునాది.. పుణె, మైసూరుల్లో తేలిన సంగతి

పురిటి మంచం దగ్గరికి చూడ్డానికి వెళ్లినవాళ్లు ముందు అడిగేది ఒకటే.. ‘ఎన్ని కిలోలున్నాడు?’ రెండున్నర అంటే మొహాలు చిన్నబోతాయి. మూడు దాటిందంటే ముత్తవ్వ దగ్గర్నుంచి అందరికీ సంతోషమే. షోలాపూర్ మగ్గాల వీధి అయినా, హోసూరు పక్క పల్లె అయినా, బళ్లారి, బరంపురం, యానాం.. ఎక్కడైనా ఇదే వరస. ఆ తూకంలో కండ ఎంత, కొవ్వు ఎంత అని మాత్రం ఎవరూ అడగరు. అసలు అడగాల్సింది అదేనని తేల్చింది అమెరికాలో కాదు. మనవాళ్లు పనికీ, చదువుకీ, పెళ్లి సంబంధాలకీ వెళ్లొచ్చే పుణెలో, మైసూరులోనే.

పుణె కేఈఎం ఆసుపత్రిలో మధుమేహ వైద్యుడు డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్. 1993లో ఆయన బృందం పుణె చుట్టుపక్కల ఆరు పల్లెల్లో ఒక పని మొదలుపెట్టింది. పెళ్లయిన ఆడవాళ్లు కడుపుతో ఉన్నప్పుడు ఏం తింటున్నారు, ఎంత పని చేస్తున్నారు, పుట్టిన బిడ్డ ఎలా ఉన్నాడు.. అన్నీ రాసుకుంటూ వెళ్లారు. ఆ తల్లులు సగటున ఐదడుగుల ఎత్తు. గర్భానికి ముందు బరువు 42 కిలోలు కూడా లేదు. ఇంటి చాకిరీ, పైన పొలం పని. పుట్టిన బిడ్డల సగటు బరువు సుమారు 2.7 కిలోలు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డలు 3.5 కిలోలు. ఇంతవరకు ఎవరైనా ఊహించేదే.

ఆ తర్వాతే చిక్కంతా. బిడ్డ వీపు మీద రెక్క ఎముక కింద చర్మాన్ని మడతపెట్టి కొలిచారు. చర్మం కింద కొవ్వు మందం ఎంతో చెప్పే కొలత అది. పుణె బిడ్డకు చేతుల్లో కండ తక్కువ, పొట్ట చిన్నది, తల చిన్నది. కొవ్వు మాత్రం మిగతా ఒంటి తగ్గుదలకు తగ్గట్టు తగ్గలేదు. అంటే బక్కగా కనిపించే బిడ్డే, బరువుతో పోల్చి చూస్తే కొవ్వున్న బిడ్డ! 2003లో అచ్చయిన ఆ లెక్కకు ‘సన్న-లావు బిడ్డ’ అని పేరొచ్చింది.

కడుపులో తిండి చాలనప్పుడు బిడ్డ ఒళ్లు పొదుపు చేస్తుందని వైద్యుల మాట. ముందు మెదడును కాపాడుకుంటుంది. కండలు, లోపలి అవయవాల ఎదుగుదలకు కోత పెడుతుంది. కరువింటి ఇల్లాలు డబ్బాలో గింజలు దాచినట్టు కొవ్వును దాస్తుంది. కరువు నిజంగా వస్తే ఆ దాపకం పనికొచ్చేదే. పెద్దయ్యాక బస్సు, బండి, హోటల్ తిండి వస్తేనే షుగరుకు దారి.

ఇద్దరూ ఒకే లెక్క.. కొవ్వు రెండింతలు
పెద్దయ్యాక ఇది ఎలా ఉంటుందో చూపించడానికి యాజ్ఞిక్ తన ఒంటినే చూపించారు. ఆయన, లండన్ స్నేహితుడు డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎత్తుకు తగ్గ బరువు లెక్క (బీఎంఐ) ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ‘మా ఆయన సన్నమే, షుగరెందుకొస్తుంది’ అనే ఇల్లాళ్లు ఆ ఫొటో ఒకసారి చూడాలి.

మైసూరు కథ వేరు
పుణె పల్లెల్లో తిండి చాలని కథ. మైసూరులో చక్కెర ఎక్కువైన కథ. అక్కడి హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆసుపత్రి, మనవాళ్ల నోట్లో మిషన్ ఆసుపత్రి, 1997-98లో 830 మంది గర్భిణులకు షుగర్ పరీక్ష చేసింది. వందలో ఆరుగురికి పైగా గర్భం షుగర్ బయటపడింది. వాళ్ల పిల్లలను వదిలేయకుండా ఏళ్ల తరబడి పిలిపించి కొలిచారు. ఐదేళ్లప్పుడే ఆ తల్లుల ఆడపిల్లల్లో చర్మం కింద కొవ్వు ఎక్కువ కనిపించింది. తొమ్మిదిన్నరేళ్లకు తేడా ఇంకా పెరిగింది.

దీని కిటుకు చిన్నదే. తల్లి రక్తంలోని చక్కెర మాయను దాటి బిడ్డకు పోతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. వచ్చిపడిన చక్కెరను సర్దుకోవడానికి బిడ్డే ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసుకుంటాడు. అది కొవ్వును పోగేస్తుంది. సీమంతం రోజున లడ్డూ మీద లడ్డూ నోట్లో కుక్కేటప్పుడు, ‘ఇద్దరి తిండి తినాలమ్మా’ అనేటప్పుడు ఈ సంగతి ఎవరికి గుర్తుంటుంది? మరోవైపు ‘బిడ్డ పెరిగితే కాన్పు కష్టం’ అని కోడలి కంచంలో ముద్ద తగ్గించే అత్తలూ ఉన్నారు. రెండూ ఒకే వీధిలో చూడొచ్చు.

ముద్ద కాదు.. పక్కన ఏముంది?
పుణె పల్లెల్లో ఇంకో సంగతి దొరికింది. తల్లి తిన్న అన్నం, రొట్టె ఎంతన్న దానికీ బిడ్డ సైజుకూ పెద్దగా లంకె కుదరలేదు. ఆకుకూరలు, పండ్లు, పాలు తరచుగా తీసుకున్న తల్లుల బిడ్డలే మెరుగ్గా పుట్టారు. కన్నడలో సొప్పు, మరాఠీలో పాలేభాజీ, తమిళంలో కీరై, ఒడియాలో శాగొ.. పేరేదైనా మన తోటకూరే, మెంతికూరే.

దీన్నే ముంబయి మురికివాడల్లో పరీక్ష పెట్టి చూశారు. 2006 నుంచి ఆరున్నర వేల మంది ఆడవాళ్లకు, గర్భం రాకముందు నుంచే, రోజూ ఒక చిరుతిండి. సగం మందికి ఆకుకూర, పండు, పాలతో చేసింది. మిగతా సగానికి బంగాళాదుంప, ఉల్లిపాయ లాంటివాటితో చేసింది. మొత్తమ్మీద బిడ్డల బరువు పెద్దగా పెరగలేదు. గర్భానికి మూడు నెలల ముందే మొదలెట్టినవాళ్లలో 48 గ్రాములు పెరిగింది. గర్భం షుగర్ మాత్రం 12.4 శాతం నుంచి 7.3కు దిగింది. నా లెక్కలో అసలు ఫలితం అదే.

మనవైపు అనుభవమూ ఉంది. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు 13-18 ఏళ్లవాళ్లయ్యాక కొలిస్తే, ఉప్మా లేని పల్లెల వాళ్లకన్నా 14 మిల్లీమీటర్ల ఎత్తు ఎక్కువ. ఇన్సులిన్ పనితీరూ మెరుగు. ఒంటి కొవ్వులో మాత్రం తేడా లేదు. తల్లికి నాలుగు ముద్దలు ఎక్కువ పెడితే బిడ్డ కొవ్వు తగ్గిపోతుందని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు.

బీ12 మెలిక
పుణె తల్లుల్లో మూడింట రెండొంతుల మందికి బీ12 విటమిన్ తక్కువ. ఫోలేట్ లోటు దాదాపు ఎవరికీ లేదు. బీ12 తక్కువ, ఫోలేట్ ఎక్కువ ఉన్న తల్లుల పిల్లల్లో ఆరేళ్లకు ఇన్సులిన్ సరిగా పనిచేయని తీరు అందరికన్నా ఎక్కువ. ఫోలేట్ ఎక్కువున్న తల్లుల పిల్లల్లో కొవ్వూ ఎక్కువే. ఇది చదివి ఆశా అక్క ఇచ్చిన ఐరన్-ఫోలిక్ మాత్రలు గోడవతల పారేయకండి! తొలి వారాల్లో బిడ్డ వెన్నుపాము లోపాలను అడ్డుకునేది ఫోలిక్ యాసిడే. చూడాల్సింది బీ12. అది ఆకుకూరల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసంలోనే ఉంటుంది. నీసు ముట్టని ఇళ్లలో, పాలు కొన్నా టీలోకే సరిపోయే ఇళ్లలో డాక్టరమ్మను నోరు తెరిచి అడగాలి.

షుగర్ పరీక్షకు పరగడుపున వెళ్లాల్సిన పనీ లేదు. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు రక్తం తీస్తారు. 140 దాటితే గర్భం షుగర్ కింద లెక్క. మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఒకసారి, ఆరో నెలలో (24-28 వారాల మధ్య) మరోసారి చేయించుకోవాలి. పుట్టింటికి, అత్తింటికి మధ్య రాష్ట్రం మారే మన ఆడపిల్లలకు ఈ రెండో పరీక్షే తప్పిపోతుంటుంది. ఒక ఆసుపత్రి కార్డు ఇంకో ఆసుపత్రిలో చూపించాలంటే మొహమాటం. కార్డు ఏ భాషలో ఉన్నా అంకెలు అంకెలే, సంచిలో పెట్టుకుని వెళ్తే చాలు.

పుణె పల్లెల్లో ఆనాడు పుట్టిన ఆడపిల్లలు ఎదిగారు. 2012 నుంచి వాళ్లకు రోజూ 2 మైక్రోగ్రాముల బీ12 ఇస్తూ పరీక్ష సాగింది. మొదలుపెట్టింది గర్భం వచ్చాక కాదు.. పెళ్లికి ముందే.